తవుడు పోసి కొన్న పేరు

మా అమ్మను పుట్టిన మూడో రోజునే అమ్మేశారు. ధర శేరు తవుడు. అంతకు ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదు. అందుకని నాలుగో బిడ్డను చేటలో పెట్టి గుమ్మం బయట పడుకోబెట్టారు. పక్కింటావిడ శేరు తవుడు పోసి కొనుక్కుని, పెంచమంటూ మళ్ళీ కన్నతల్లి చేతికే ఇచ్చింది. పరాయివాళ్ళ సొత్తు, అదీ తవుడు పాటి ఖరీదు చేసేది, దానిమీద మృత్యువుకు మాత్రం ఆశేముంటుంది? ఆ తవుడుకే చివర ‘అమ్మ’ తగిలించి పేరు పెట్టారు. శ్రీకాకుళం నుంచి మా బరంపురం దాకా అలాంటి పేర్లవాళ్ళు ఒకప్పుడు చాలామందే ఉండేవారు.

నేను కొట్టులో పుట్టి కొట్టులో పెరిగినవాణ్ణి. గేట్ బజార్‌లో మాది పూజాసామాన్ల దుకాణం. కర్పూరం బిళ్ళ దగ్గర కూడా గీసి గీసి బేరమాడే నాకు, కన్నతల్లి ధర శేరు తవుడంటే నామోషీగా ఉండేది. హైస్కూల్లో చేరేటప్పుడు గుమాస్తా ఒడియాలో అమ్మ పేరు అడిగాడు. నా వెనక వరసలో పిల్లలున్నారు. నోటికొచ్చిన ఒక దేవత పేరు చెప్పేశాను. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనే కాబట్టి తర్వాత రేషన్ కార్డులోనూ, ఓటరు కార్డులోనూ అదే రాయించాను. ఆఫీసుల్లో ఆ పేరు పిలిస్తే అమ్మ కదిలేది కాదు. ‘నన్నేనా?’ అన్నట్టు నా మొహం చూసేది. నేను తలూపాకే లేచి వెళ్ళేది. చివరికి మరణ ధ్రువపత్రంలోనూ దేవతే చనిపోయింది. అమ్మ అసలు పేరు ఏ కాగితం మీదా లేదు.

మనవరాలు పుట్టాక ఆ పేరు దానికి పెట్టాలని పట్టుదల వచ్చింది. మా కోడలు ఒడియా పిల్ల, మా యాస తెలుగూ వంటబట్టించుకుంది. వాళ్ళింట్లో ఇరవై ఒకటో రోజున తలా ఒక పేరు చీటీ మీద రాసి, ఒక్కో దీపం కింద ఒక్కో చీటీ పెడతారు. అన్నిటికీ ఒకేసారి, ఒకే కొలత నూనె. ఏ దీపం ఎక్కువసేపు వెలిగితే ఆ పేరు ఖాయం. వినగానే నాలో వ్యాపారి లేచాడు. వత్తులు మన కొట్టువే కదా! నాలుగు దీపాలకు మామూలు వత్తులు వేసి, నా దీపానికి మాత్రం రెండు వత్తులు కలిపి పేని, లావుగా ఒకటి చేశాను.

అంకులిలోని మా ఇంట్లో పొద్దున్నే దీపాలు వెలిగించారు. నేను, మా ఆవిడ, అబ్బాయి, కోడలు, ఆమె తల్లి – ఐదుగురం చుట్టూ కూర్చున్నాం. నా దీపం హోమగుండంలా మండింది. నేను మీసం దువ్వుకునే లోపల నూనంతా తాగేసి, అందరికంటే ముందు ఆరిపోయింది.

మా ఆవిడ వంగి చూసింది. “లావు వత్తేసేరు కదూ? నలబై ఏళ్ళు వత్తులమ్మేరు, ఒక్కటైనా ఎలిగించి సూసేరేటండీ?”

అబ్బాయి నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. కోడలు నా చీటీ తీసి చదివింది. “ఇదేటి పేరు, మావయ్యా?”

చెప్పాను. చేట, శేరు తవుడు, పక్కింటావిడ. అంతా విని కోడలి తల్లి చిన్నగా నవ్వింది. వియ్యంకుణ్ణి వాళ్ళు సముది అంటారు. “మా ఇంట్లోనూ ఈ బేరం జరిగింది, సముదీ,” అంది ఒడియాలో. “మా అమ్మమ్మ పేరుకి మూడు గవ్వలని అర్థం. ఆమెను మూడు గవ్వలకే అమ్మారు.”

“మీవాళ్ళే మంచి రేటు కట్టారు,” అన్నాను.

“ఏం లాభం? నేనూ ఆ పేరు చీటీ మీద రాయలేదు.”

కోడలు రాసిన పేరు చివరిదాకా వెలిగింది. అది ఒక నది పేరు. తెలుగువాళ్ళు పిలిచినా ఒడియావాళ్ళు పిలిచినా అదే నది. మంచి పేరు, ఒప్పుకుంటాను. కానీ నేను ఓడినంత మాత్రాన బేరం మానేవాణ్ణా?

“పోనీ ఇంట్లో పిలుచుకోడానికైనా ఉంచమ్మా. ఆ పేరు ఎక్కడా మిగల్లేదు. నేనే అన్ని కాగితాల్లో వేరేది రాయించేశాను.”

కోడలు పాపను భుజం మార్చుకుంది. “మీరు సెప్పలేని పేరు నా కూతురు మొయ్యాలా, మావయ్యా? రేపు బడిలో నవ్వితే ఇదీ మీలాగే ఏరే పేరు సెప్తాది.”

కొట్టులో నాతో ఇంత సూటిగా మాట్లాడి గెలిచిన గిరాకీ ఇంతవరకూ లేదు.

ఆ మాట వారంరోజులు నా లోపల తిరిగింది. అమ్మకు ఆ పేరంటే సిగ్గని నేనెప్పుడూ వినలేదు. పెరట్లోంచి ఎవరు కేకేసినా “ఓయ్” అని పలికేది. సిగ్గు నాది. దాన్ని దించుకోడానికి ఇరవై ఒక్క రోజుల పిల్లను వెతుక్కున్నాను.

కొట్టు బోర్డు ఎప్పుడో తుప్పు పట్టింది. పెయింటర్ని పిలిచి అమ్మ పేరు చెప్పాను. పైన ఒడియాలో, కింద తెలుగులో పెద్దక్షరాలు రాయమన్నాను. అతను నా మొహంలోకి చూసి, “ఆ పేరేనా, బాబూ?” అని రెండుసార్లు అడిగాడు. రెండోసారి కాస్త గట్టిగా చెప్పాను. పక్క బట్టల కొట్టువాళ్ళకి కూడా వినిపించింది.

“పూజాసామాన్ల కొట్టుకి తవుడు పేరేటండీ? ఆవులొచ్చి నిలబడతాయి,” అంది మా ఆవిడ. అంటూనే కొత్త బోర్డుకి పసుపు రాసి బొట్టు పెట్టింది.

మొదటి రోజుల్లో తోటి దుకాణాలవాళ్ళు బాగానే ఆడుకున్నారు. ఒకాయన కుడితి కూడా అమ్ముతావా అన్నాడు. నవ్వాను. లోపల ఇంకా కొంచెం గుచ్చుకునేది, అబద్ధమెందుకు.

మొన్న పురుషోత్తంపూర్ వైపు నుంచి ఒక ముసలమ్మ వత్తుల కోసం వచ్చింది. మెట్టు ఎక్కకుండా కిందే నిలబడి బోర్డుమీది తెలుగు అక్షరాలు కూడబలుక్కుంది.

“ఎవురి పేరు, బాబూ?”

“మా అమ్మది.”

“అయితే బతికినాదన్నమాట,” అంది.

బోర్డు కట్టాక ఆ పేరుకి అర్థమేమిటని అడిగినవాళ్ళందరికీ తవుడనే చెప్పాను. బిడ్డ బతకాలని పెట్టిన పేరని ఒక్కరికీ చెప్పలేదు.

“బతికిందమ్మా,” అన్నాను. “ముసలిదయ్యేదాకా బతికింది.”