రెండు గంటల నాడి

మా మేనత్త పోయిందని రామన్నపేట నుంచి చిన్నాన్న, అంటే ఆమె చిన్నతమ్ముడు, ఫోన్ చేస్తే నేను అడగకూడని మాట అడిగాను. "ఎవలు చూసిన్రు? ఎన్ని గంటలకు?"

"నీకు దిమాక్ ఉన్నదార? నేనే చూసిన. పొద్దుగాల ఆరింటికి. సాలా?"

చాలు. అప్పుడు ఏడ్చాను. పాఠకులు నన్ను రాతిగుండెవాడినని అనుకోవద్దు. నల్గొండ జిల్లాలో ఏళ్ల తరబడి పెద్ద నర్సుగా చేసిన ఆ మేనత్త పెంపకం నాది. చూసినవాడి పేరూ, చూసిన గంటా లేని కబురును, అది చావుకబురైనా సరే, నమ్మే అలవాటు పోయింది.

డిగ్రీ చదువుకు అత్తమ్మ ఇంట్లోనే ఉన్నాను. "తిన్నవా?" అని అడిగేది. "తిన్న" అంటే ఊరుకోదు, గిన్నె మూత తీసి చూసేది. ఒకసారి నా కెమిస్ట్రీ రికార్డు ఆమె చేతికి చిక్కింది.

"మూడుసార్లు చేసినవ్, మూడుసార్లు గదే లెక్క వచ్చిందా?"

"నాది చెయ్యి తిరిగిన పని అత్తమ్మా."

"చెయ్యి గాదు, పక్క పోరని రికార్డు తిరిగొచ్చింది. నెల దినాల పని ఒక్క సిరాల ఎట్లుంటది బిడ్డా?"

నేను శాస్త్రవేత్తను కావలసినవాడిని. ఆ సాయంత్రమే విరమించుకున్నాను. దేశం బతికిపోయింది.

దవాఖానలో నాడి, జ్వరం రాసే కాగితాలనూ ఆమె ఇలాగే చదివేది. కొట్టివేతలున్న కాగితమంటే గౌరవం. ముత్యాల్లాంటి దస్తూరి కనిపిస్తే మాత్రం కళ్లజోడు సవరించుకునేది. "ఖాళీ గడిని నమ్మొచ్చు బిడ్డా, నిండు గడినే అడగాలె" అనేది. రిటైరయ్యాక ఓసారి హైదరాబాదులో ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్తే, కంప్యూటరులో అచ్చు తీసిన చార్టు ఇచ్చారు. మేమంతా మురిసిపోయాం. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఇండ్ల కొట్టేసిన అంకె ఒక్కటి లేదు. రాసినోళ్ల చెయ్యి వణికిందో లేదో ఎట్ల ఎరుకైతది?" అంది.

అంతటి అనుమానపు మనిషి, నౌకరిలో ఉండగా, తన దవాఖానలోనే ఒక్కరోజు నమ్మింది. ఆ రోజు మంచం మీద ఉన్నది మా బాపు, ఆమె పెద్దతమ్ముడు.

కడుపు ఆపరేషనైన మర్నాడు. తొమ్మిది గంటల రౌండులో అత్తమ్మ వచ్చి తమ్ముడి ముఖం చూసింది, నవ్వింది, కాగితం మీద సంతకం పెట్టి వెళ్లింది. పదకొండున్నరకు నేను ఆమె గదికి పరుగెత్తాను. "అత్తమ్మా, బాపు నీళ్లు నీళ్లు అంటుండు. ఒళ్లంత చెమటలు."

ఆ వార్డు నర్సు కొత్తపిల్ల. నలభై మంచాలకు ఒక్కతే. అందుకే అక్కడో ఆనవాయితీ ఉండేది: ఎనిమిదికి డ్యూటీ ఎక్కగానే ఆ పూట గడులన్నీ ఒక్కసారే నింపేయడం. అత్తమ్మ వచ్చి బాపు నాడి కాగితం అందుకుంది. ఎనిమిదికి డెబ్బై రెండు. పదికి డెబ్బై రెండు. పన్నెండుకూ, రెండుకూ కూడా డెబ్బై రెండే.

"గీ రెండు గంటల నాడి ఎవలు చూసిన్రు?"

"నేనే మేడం."

"ఇప్పుడెంతయింది?"

ఆ పిల్ల గోడ గడియారం వైపు చూసింది. పన్నెండు కూడా ఇంకా కాలేదు.

అత్తమ్మ బాపు మణికట్టు పట్టుకుని నిమిషం సేపు లెక్కపెట్టింది. నూట ఇరవై ఆరు. లోపల నెత్తురు కారుతోంది. డాక్టరు వచ్చారు. అరగంటలో బాపును మళ్లీ ఆపరేషను గదిలోకి తోసుకెళ్లారు.

తలుపు మూసుకున్నాక ఆ పిల్ల ఏడుస్తూ, "మేడం, కొత్త కాగితం రాస్త. నా నౌకరి పోతది" అంది.

"రాయనియ్యక్కా" అన్నాడు మాతోపాటే తలుపు దగ్గర ఉన్న చిన్నాన్న. "కింద సంతకం నీదే ఉన్నది. నీకు గుడ మెమో వస్తది."

"రానీ. తమ్ముడని నమ్మిన. పరాయోడైతే చూస్తుంటి."

డెబ్బై రెండుల మీద, కింది అంకెలు కనబడేలా, ఒక్కొక్కటే గీత గీసింది. పక్కన అసలు నాడి, చూసిన గంట రాసింది. తన సంతకం పక్కన "చదవకుండా పెట్టాను" అని రాసింది. తర్వాత మెమోలు ఇద్దరికీ వచ్చాయి, నౌకరీలు మిగిలాయి. మా బాపు ఇవాళ బతికి ఉండి నన్ను తిడుతున్నాడంటే ఆమె నిమిషం సేపు పెట్టిన ఆ లెక్క చలవే.

సాయంత్రం బాపును వార్డుకు తెచ్చారు. గండం గడవలేదన్నారు. అత్తమ్మ ఆ పిల్లనే పిలిచి మంచానికి చెరోవైపు స్టూళ్లు వేయించింది, తనకొకటి, ఆ పిల్లకొకటి. ఒకరికి కుడిచెయ్యి, ఒకరికి ఎడమచెయ్యి. లెక్క పైకి చెప్పొద్దు. ఎవరి చీటీ మీద వాళ్లు రాసి, ఆ తర్వాతే కలిపి చూడాలి.

బాపు సగం కళ్లు తెరిచాడు. "ఏందక్కా, అరెస్టు చేసిన్రా?"

"మాట్లాడకు. లెక్క తప్పుతది."

కిటికీలోంచి వాలుపొద్దు వెలుగు పడుతోంది. రెండు తెల్లటోపీలు ముందుకు వంగి ఉన్నాయి. ఇద్దరి పెదవులూ చప్పుడు లేకుండా కదులుతున్నాయి, ఒకరినొకరు ఓరకంట చూసుకుంటూ. మధ్యలో మా బాపు, రెండు చేతులూ అప్పజెప్పి, ఊపిరి కూడా వాళ్లనడిగి తీసుకుంటున్నట్టు పడుకుని ఉన్నాడు.