గరికను చంపాలంటే

అక్టోబరు వచ్చిందంటే కాలిఫోర్నియా ఎడారిలోని పామ్ స్ప్రింగ్స్ ఊరంతా పేడ వాసన. ఏడాది పొడుగునా అక్కడే పడి ఉండేవాళ్లకి అది మంచి వాసన. చలికాలం గడపడానికి వచ్చే జనం దిగబోతున్నారు, నాలుగు డబ్బులు కనబడతాయి. ఆ చలికాలపు జనానికి మాత్రం అలాంటి వాసన ఒకటుందనే తెలియదు. వాళ్లు విమానం దిగే వేళకి పేడ మట్టిలో కలిసిపోయి, దాని మీద లేత గడ్డి బొటనవేలంత ఎత్తున లేచి ఉంటుంది. ఎండాకాలపు గడ్డిని గుండు గొరిగినట్టు గొరిగి, దాని మీద చలికాలపు గడ్డి విత్తనాలు చల్లి, పేడ కప్పి, రోజుకి నాలుగు దఫాలు తడిపే ఈ తతంగాన్ని ఫిదెన్సియో ఓరొస్కో నలభై ఒక్క ఏళ్లుగా నడుపుతున్నాడు. అతని యజమానుల్లో ఒక్కరైనా తమ పచ్చికని బోడిగుండుతో చూసిన పాపాన పోలేదు. దేవుడు ఎడారిలో కూడా పన్నెండు నెలలూ పచ్చగా ఉండే గడ్డిని సృష్టించాడని వాళ్ల నమ్మకం.

పందొమ్మిదేళ్ల వయసులో మెక్సికోలోని మిచోఆకాన్ నుంచి వచ్చినప్పుడు, పశువన్నది లేని ఇళ్ల ముందు అంతంత గడ్డి పెరగడం చూసి, పాపం వీళ్లకి ఇంకా ఆవుల్ని కొనే స్తోమత రాలేదేమో అనుకున్నాడు ఫిదెన్సియో. కోసిన గడ్డిని సంచుల్లో కుక్కి చెత్తబండికి ఎత్తమన్నప్పుడు రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాడు. మూడోసారి అడగలేదు. ఆ రోజుతో అతను ఆ ఊరివాడైపోయాడు.

ఊరికి పడమట పదివేల అడుగుల కొండ ఉంది. సముద్రం మీంచి వచ్చే మబ్బుల బరువంతా అవతలి వైపే దించుకుని, ఇవతలికి ఉత్త గాలిని పంపుతుంది. ఊరి నడుమ వేడినీటి ఊట ఉంది. ఊటా, చుట్టూ ఉన్న నేలా అనాదిగా కవీయా జాతి ఆదివాసులవి. వెనకటి ప్రభుత్వం నేలని చదరంగం బల్లలా గళ్లు గీసి, గడి విడిచి గడి వాళ్లకి వదిలి, మిగతా గళ్లు రైలు కంపెనీకి ధారపోసింది. అందుకే ఆ ఊళ్లో వీధికి ఇటు పక్క ఇల్లూ నేలా రెండూ సొంతం. అటు పక్క ఇల్లు సొంతం, నేల కవీయాల దగ్గర కౌలు. మొదట పొడిగాలికి క్షయ తగ్గుతుందని దగ్గుతున్నవాళ్లు వచ్చారు. తర్వాత సినిమావాళ్లు, వాళ్ల వెనక గోల్ఫు ఆడేవాళ్లు, ఇప్పుడు మోకాళ్లు అరిగినవాళ్లు. ఎవరొచ్చినా అడిగింది ఒకటే: గడ్డి.

ఫిదెన్సియో చూసే ఇరవై రెండు ఇళ్ల కాలనీ కౌలు నేల మీదే ఉంది. పేరు సోంబ్రా వెర్దే, అంటే పచ్చని నీడ. ఆ కాలనీ సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ లిండ్‌క్విస్ట్. మిన్నెసోటాలో ముప్పై ఐదేళ్లు పళ్లు పీకి రిటైరైనవాడు. గడ్డకట్టిన సరస్సుల మధ్య పుట్టి పెరిగిన ఆయనకి డెబ్భయ్యో ఏట ఎడారి మీద భక్తి పుట్టింది. మూడు పుస్తకాలు చదివాడు, వెడల్పాటి టోపీ కొన్నాడు. వానలు మొహం చాటేసి, పచ్చిక పీకేసిన వాళ్లకి నీళ్ల బోర్డు డబ్బు సాయం ప్రకటించిన ఏడాది, ఏప్రిల్ ఆఖరులో సంఘం సమావేశంలో లేచి నిలబడ్డాడు.

"ఎడారిని తిరిగి ఎడారికి ఇచ్చేద్దాం," అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేలని తిరిగి నేలవాళ్లకి ఇచ్చేద్దామని ఎవరూ ప్రతిపాదించలేదు.

పథకం ఇదీ. ఇళ్ల ముందు గడ్డి మొత్తం తీసేసి, కంకర పరిచి, బ్రహ్మజెముడూ నాగజెముడూ కిత్తనారా నాటాలి. మన చేలగట్ల మీద ఎవరూ తొంగిచూడని ఆ మొక్కలు అక్కడ ఒక్కొక్కటీ మెడలో పేరుచీటీతో లారీ దిగుతాయి. ఎక్కడ ఏది నాటాలో గీసి ఇవ్వడానికి లాస్ ఏంజెలస్ నుంచి ఒక కంపెనీ వచ్చింది.

"గడ్డిని చంపే పని నీది ఫిదెన్సియో," అన్నాడు లిండ్‌క్విస్ట్. "అది శుభ్రంగా జరిగిందా, కొత్త తోటలన్నీ నీ చేతికే. లేదంటే మేమే చూసుకుంటామంటోంది ఆ కంపెనీ."

ఆ ఇరవై రెండు ఇళ్లు తప్ప ఫిదెన్సియోకి వేరే పని లేదు. అరవై ఏళ్లొచ్చాయి. ఈ వయసులో కొత్త ఇళ్ల తలుపు తట్టి, నాకు గడ్డి పెంచడం వచ్చు అని చెప్పుకుంటే, గడ్డి పీకేస్తున్న ఊళ్లో నవ్విపోతారు.

"చంపుతాను సార్. జూన్‌లో మొదలెడతాను. మూడు వారాలు బాగా నీళ్లు పెట్టాలి."

"దేనికి?"

"గడ్డికే సార్."

లిండ్‌క్విస్ట్ టోపీ వెనక్కి తోశాడు. "చంపమన్న గడ్డికి?"

అక్కడివాళ్లు బెర్ముడా అని గొప్పగా పిలుచుకునే ఆ ఎండాకాలపు గడ్డి మరేమీ కాదు, గరిక. మన రైతులు తిట్టుకుంటూ పీకి గట్టు మీద పడేస్తే, గట్టు మీద వేళ్లూనే ఆ గరికే. నీళ్లు ఆపితే ఎండినట్టు పడుకుంటుంది. వేరు మోకాలి లోతున మేలుకునే ఉంటుంది. దాన్ని చంపాలంటే ముందు కడుపునిండా నీళ్లు తాగించి, పచ్చగా లేపి, ఏపుగా పెరిగేటప్పుడు మందు కొట్టాలి. అప్పుడే ఆకు మందుని వేరు దాకా దింపుతుంది. పది రోజులాగి మళ్లీ తడిపి, మిగిలినది తల ఎత్తాక మళ్లీ కొట్టాలి. ఇదంతా ఫిదెన్సియో తనకి చేతనైనంత మర్యాదగా చెప్పాడు.

"మీకు తెలియందేముంది సార్. పన్ను పీకేటప్పుడు వేరు వదిలేస్తారా?"

"పీకబోయే పన్నుకి నేను ముందు భోజనం పెట్టను గదయ్యా! కరువులో, చావబోయే గడ్డికి నీళ్లు పోశామని తెలిస్తే నీళ్ల బోర్డు ఏమంటుంది? జూన్ ఒకటిన నీళ్లు కట్టెయ్. ఎండ తన పని తాను చేసుకుంటుంది."

ఆ మాట చెప్పి ఆయన మిన్నెసోటా విమానం ఎక్కేశాడు. వెనకాలే మిగతావాళ్లూ. జూన్ ఒకటిన ఫిదెన్సియో ఇరవై ఒక్క ఇళ్ల ముందు వాల్వులు తిప్పి నీళ్లు కట్టేశాడు.

ఇరవై రెండోది తొమ్మిదో నంబరు, మిసెస్ కాస్ట్‌నర్ ఇల్లు. ఎనభై నాలుగేళ్ల ఆ షికాగో మనిషి, మొగుడు పోయాక కూడా ఎక్కడికీ కదల్లేదు. వేసవంతా ఏసీ గదిలో ఒంటరిగా పేకాట ఆడుకుంటూ, అప్పుడప్పుడూ తనని తానే మోసం చేసుకుంటూ కాలక్షేపం చేస్తుంది. ఫిదెన్సియో వాల్వు దగ్గర వంగడం చూసి తలుపు తీసింది.

"ఏమిటా మొహం? ఎవరన్నా పోయారా?"

"ఎవరూ పోరు మేడమ్. అదే నా ఏడుపు," అని సంగతంతా చెప్పాడు.

"మరి ఆ మాట ఆ పళ్ల డాక్టరుకి చెప్పలేకపోయావా?"

"చెప్పాను. చెవిన పెట్టలేదు."

"నా నీళ్లు, నా బిల్లు. నా గడ్డిని నీ పద్ధతిలో చంపు. ఎవరైనా అడిగితే నన్ను పిలువు, ఈ మధ్య పోట్లాడి చాలా రోజులైంది."

జూన్ ఆఖరుకి వాళ్ల ఫారన్‌హీట్ కొలతలో నూట పద్దెనిమిది డిగ్రీల ఎండ కాస్తోంది. వీధంతా కొబ్బరిపీచు రంగుకి తిరిగింది. తొమ్మిదో నంబరు మాత్రం చిలక రెక్కలా మెరుస్తోంది. వారానికోసారి కాలనీ చుట్టూ తిరిగి ఫోటోలు తీసే సెక్యూరిటీ మనిషి ఆ ఫోటో కూడా పంపాడు. మర్నాడు తొమ్మిదో నంబరు తలుపుకి నోటీసు అంటించారు: తొలగింపునకు నిర్ణయించిన పచ్చికకు నీరు పెట్టుట నిబంధనలకు విరుద్ధం. మధ్యాహ్నం ఫిదెన్సియోకి లిండ్‌క్విస్ట్ ఫోను చేశాడు.

"ఏం చేస్తున్నావయ్యా నువ్వు? ఇరవై ఒక్క ఇళ్ల గడ్డి చచ్చింది, ఒక్కటి బతికుంది!"

"తిరగేసి చెబుతున్నారు సార్. చస్తున్నది ఆ ఒక్కటే. మిగతావి పడుకున్నాయి."

"నా కళ్లకి పచ్చగా కనబడుతోంది!"

"నిన్నే మందు కొట్టాను సార్. దానికింకా సంగతి తెలియదు."

"చూడు ఫిదెన్సియో, నువ్వు మంచివాడివి. కానీ నలభై ఏళ్లు పెంచిన చేత్తో చంపలేకపోతున్నావు. నాకు అర్థమవుతుంది. సెంటిమెంటు." అని ఫోను పెట్టేశాడు.

ఎవరైనా తనని చేతగానివాడంటే ఫిదెన్సియో ఓర్చుకునేవాడు. గడ్డి మీద మమకారం ఉన్నవాడనేసరికి ఒళ్లు మండింది. నలభై ఒక్క ఏళ్లలో ఆ గడ్డి మీద ఒక్కసారి కూర్చున్నవాడు కాదు. ఇంటికెళ్లి చెబితే భార్య తోమసా రొట్టె కాలుస్తూ వెనక్కి తిరగకుండానే అంది:

"వాళ్లు చెప్పినట్టు చేస్తే నీ సొమ్మేం పోయింది? వాళ్ల గడ్డి, వాళ్ల తిక్క."

"తప్పని తెలిసి ఎలా చేస్తానే?"

"ఇన్నేళ్లూ ఎడారిలో గడ్డి పెంచావు గదయ్యా. అప్పుడు అడ్డురాని తప్పు ఇప్పుడేమొచ్చింది?"

రొట్టె కాలుతున్నప్పుడు తోమసాతో వాదించే ధైర్యం ఫిదెన్సియోకి లేదు. తొమ్మిదో నంబరులో మాత్రం రెండో విడత తడిపాడు, రెండోసారి మందు కొట్టాడు. ఆగస్టులో మూడోసారి తడిపితే ఒక్క పోచ లేవలేదు. గునపంతో మోకాలి లోతు తవ్వి చూశాడు. వేరు పుల్లలా విరిగింది.

సెప్టెంబరు మొదటి వారంలో సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఇన్నేళ్ల సేవలకి కృతజ్ఞతలు, ఇకపై తోటల బాధ్యత కంపెనీదే. కృతజ్ఞత అన్న మాట మూడు చోట్ల ఉంది. తోమసా దాన్ని రెండుసార్లు చదివించుకుని, మడిచి, రొట్టెల పెనం కింద పెట్టింది.

ఆ నెల్లోనే కంపెనీ వాళ్లు వచ్చారు. ఎండిన గడ్డిని పైపైన చెక్కేసి, నల్లగుడ్డ పరిచి, కంకర పోసి, గుడ్డకి కన్నాలు పెట్టి మొక్కలు నాటారు. కొత్త మొక్కలు నిలదొక్కుకోవాలని ఒక్కొక్కదాని మొదట్లోనూ డ్రిప్పు పైపు పెట్టి రోజూ చుక్కచుక్కగా నీళ్లు వదిలారు. నాలుగు నెలలుగా నేల లోపల దప్పికతో పడుకున్న గరికకి ఎవరో తలుపు తట్టి గ్లాసు అందించినట్టయింది.

అక్టోబరు చివర లిండ్‌క్విస్ట్ వచ్చి కారు దిగేసరికి, ఇరవై ఒక్క ఇళ్ల ముందూ ప్రతి బ్రహ్మజెముడు చుట్టూ, ప్రతి కిత్తనార మొదట్లో పచ్చటి దండ వేసినట్టు గరిక. ముళ్ల మధ్యలోంచి కూడా దర్జాగా తల ఎత్తింది. నీళ్ల బోర్డు తనిఖీకి రెండు వారాలుంది, అప్పటికి గడ్డి కనబడితే సాయం రాదు. ముళ్లలో చేతులు పెట్టి గడ్డి పీకడం మా పని కాదని కంపెనీ ఒప్పందంలోని పేరా చూపించి చేతులు దులుపుకుంది. ఆ సాయంత్రమే లిండ్‌క్విస్ట్ ఫిదెన్సియో ఇంటికొచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"మళ్లీ రావాలి నువ్వు. అన్ని ఇళ్లూ. ఈసారి నీ పద్ధతిలోనే చెయ్యి. నీళ్లు పెట్టు, మందు కొట్టు, నేనేమీ అనను."

"ఇప్పుడు కుదరదు సార్. అన్ని నీళ్లు పెడితే జెముళ్లు కుళ్లిపోతాయి. మందు కొడితే గరికతో పాటు అవీ పోతాయి."

"మరెలా?"

"చేత్తో పీకాలి. పీకినచోట మళ్లీ వస్తుంది, మళ్లీ పీకాలి. ప్రతి వారం."

"ఎన్నాళ్లు?"

"మీకెన్నేళ్లు సార్ ఇప్పుడు?"

"డెబ్భై ఒకటి."

"అయితే మీకు సరిపోతుంది."

లోపల్నుంచి తోమసా దగ్గింది. లిండ్‌క్విస్ట్ నవ్వాలో వద్దో తేల్చుకోలేక, చివరికి డాక్టరు కదా, తప్పు ఎవరిదన్నది వదిలేసి వైద్యానికి ఒప్పుకున్నాడు. గడ్డి కోతకైతే ఇంటికి అరగంట పట్టేది. ముళ్లలో గరిక ఏరడానికి రెండు గంటలు. ఎడారి ఎడారిలా కనబడటానికి నాలుగింతల పని.

సోమవారం నుంచి ఫిదెన్సియో మోచేతుల దాకా తోలు తొడుగులేసుకుని, పట్టకారుతో ఇల్లిల్లూ మొదలెట్టాడు. ఎనిమిదో నంబరు అయ్యాక అలవాటుగా తొమ్మిదో నంబరులోకి నడిచాడు. కంకర శుభ్రంగా ఉంది. కిత్తనార మొదట్లో నేల ఎండి, తడిసి, మళ్లీ ఎండినట్టుంది తప్ప పచ్చటి మచ్చ లేదు. వంగి వెతికాడు. కళ్లద్దాలు పెట్టుకుని వెతికాడు.

మిసెస్ కాస్ట్‌నర్ పేకముక్కలు చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

"వెతక్కు. నేనూ చూశాను, ఏమీ లేదు. నా ఇంట్లో పని లేదని నీ జాబితాలోంచి సంఘం వాళ్లు తీసేశారట. ఇవాళే ఉత్తరం వచ్చింది."

"అలాగా మేడమ్."

"అంత బాగా చంపమని ఎవడు చెప్పాడు నీకు?"

"మీరే మేడమ్."

"మూల ఎక్కడైనా నాలుగు గరిక వేళ్లు ఉంచుకోవాల్సింది, బుద్ధిమంతుడా."

ఫిదెన్సియో నడుం పట్టుకుని లేచాడు. ఊరు మొత్తం మీద అతని మాట విన్న ఇల్లు అదొక్కటే. పోగొట్టుకున్న ఇల్లూ అదొక్కటే. మోకాలికి అంటిన కంకర దులుపుకుని, తాను చేసిన పని వంక ఇంకోసారి చూశాడు. ఎంత వద్దనుకున్నా మొహంలో గర్వం దాగలేదు. తర్వాత పట్టకారు తీసుకుని పదో నంబరులోకి వెళ్లాడు. అక్కడ గరిక అతని కోసం జానెడు పెరిగి ఉంది.