బుడ్డోడికి తిండి ఎంచిన మా అత్త

మా మేనత్త పోయిన సంగతి ఆమె పక్కింటావిడ ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను తోటపల్లి గూడూరులో మా రొయ్యల గుంట గట్టు మీద ఉన్నాను. "అబ్బయా, మీ అత్త నిద్దర్లోనే పోయింది. బుడ్డోడు గుమ్మానికి అడ్డంగా పండుకోనుండాడు. ఎవుర్నీ లోపలికి పోనీడంలా. నువ్వు బిన్నా రా, ఆలస్యం చెయ్యబాక" అంది.

బుడ్డోడంటే పసివాడు కాదు. అత్త పెంచుకున్న గ్రేట్ డేన్ కుక్క. నిలబడితే వాడి తల నా నడుము దాటుతుంది. నేను అత్త ఉండే సూళ్లూరుపేట చేరి, గుమ్మం ముందు కూర్చుని పిలిస్తే నా చెయ్యి వాసన చూశాడు. మెల్లగా లేచి పక్కకు జరిగాడు. అప్పుడు గానీ మేమెవరమూ ఆమెను చూడలేకపోయాం.

ఇది చదివే మీకు మా అత్త తెలిసే అవకాశం లేదు. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. మామ ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. నా ఇంటర్ చదువు ఆమె ఇంట్లోనే సాగింది. మందు సీసా అయినా బిస్కెట్ల పొట్లమైనా వెనక్కి తిప్పి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ముక్కుకు ఆనించి చదివితే గానీ విప్పేది కాదు. ఆమె అలా చదువుతున్నంతసేపూ నేను ఆకలితో ఎదురుచూసేవాణ్ణి.

బుడ్డోణ్ణి ఆమె కోరి తెచ్చుకోలేదు. మేడ మీద అద్దెకున్న కుర్రాడు ముచ్చటపడి కొన్నాడు. కుక్కపిల్ల త్వరగా పెద్దదైపోవాలని గుడ్లు, పాలు, కాల్షియం టానిక్కు, బలమైన దాణా అన్నీ కలిపి పెట్టాడు. కొన్ని నెలలకే పిల్ల ముందుకాళ్లు వంకర తిరగసాగాయి. మెట్లెక్కలేక కింద మెట్టు దగ్గరే కూర్చుని మూలిగేవాడు. అంతలో ఆ కుర్రాడికి బదిలీ అయింది. నడవలేని కుక్కను ఎవరు తీసుకుంటారని అతను దిగులుపడుతుంటే, "నా కాడ ఇడిసిపెట్టి పో నాయనా. నడిచేదీ నడవందీ తర్వాత చూసుకుందాం" అంది అత్త.

ఇద్దర్నీ నెల్లూరులో పశువుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన కాళ్లు నొక్కి చూసి, "తిండి తక్కువై కాదమ్మా, ఎక్కువై వచ్చింది. ఇంత పెద్ద జాతి పిల్లలు గబగబా బరువు పెరిగితే ఎముకలు మోయలేవు. టానిక్కు ఆపెయ్యండి. పెద్దజాతి పిల్లల కోసమే చేసిన పొడి తిండి పెట్టండి. అందులో కాల్షియం మోతాదు మించకుండా ఉంటుంది" అన్నాడు. కాళ్లు చక్కబడతాయా అని అడిగితే, "చూద్దాం" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని అత్త నన్ను అటునుంచటే కుక్కల తిండి అమ్మే దుకాణానికి లాక్కెళ్లింది.

దుకాణాదారు కండలు తిరిగిన కుక్క బొమ్మ ఉన్న సంచి ఒకటి ముందు పెట్టాడు. "ఇది పెట్టండమ్మా, గుర్రం మాదిరి అయిపోతాడు."

"గుర్రం వొద్దులే, కుక్క చాలు" అంటూ అత్త సంచి వెనక్కి తిప్పింది. "మాంసం అని రాసినాడు. ఏం మాంసమంట? కోడా, గొర్రా? పేరు చెప్పేదానికి సిగ్గెందుకు?" ఆ సంచి పక్కకు పోయింది. ఇంకోదాంట్లో అన్నిటికంటే ముందు మొక్కజొన్న ఉంది. మరోదాని మీద కాల్షియం ఎంతో రాయలేదు. అన్నీ బాగున్న ఒకదానికి గడువు దగ్గరపడింది. విడిగా తూచి ఇస్తానంటే, "మా ఊరి ఉప్పు గాలికి మెత్తబడి ముక్కిపోద్ది" అంది. చివరికి వెనక వరసలోంచి ఒక సాదా సంచి తీయించింది. పెద్దజాతి పిల్లలకని స్పష్టంగా రాసి ఉంది. మొదట కోడిమాంసం ఉంది. కాల్షియం లెక్క ఉంది. చెమట తుడుచుకుంటున్న దుకాణాదారుతో, "కోప్పడబాక నాయనా. వాడు చదవలేడు గదా, వాడి బదులు నేను చదవతుండా" అంది.

కొత్త తిండి పాతదాంట్లో కొంచెం కొంచెంగా కలిపి అలవాటు చేసింది. ఒకేసారి గిన్నె నింపకుండా పూటపూటకీ కాస్త పెట్టేది. తిన్న వెంటనే పరుగెత్తనిచ్చేది కాదు. రోజూ వాడి పక్కటెముకల మీద అరచెయ్యి రాసి, ఎముకలు చేతికి తెలుస్తున్నాయో లేదో చూసేది. "ఏందక్కా, బిడ్డను మాడస్తుండావు" అని పక్కింటావిడ గోడ మీంచి కేకలేసేది. "పెద్దోడు కాక యాడికి పోతాడు మే! నిదానంగా కానీ" అనేది అత్త.

అయ్యాడు. పూర్తిగా ఎదగడానికి రెండేళ్లు పట్టింది గానీ కాళ్లు తిన్నగా నిలిచాయి. మొదటిసారి ఆగకుండా మేడ మెట్లన్నీ ఎక్కిన రోజు అత్త నాకు ఫోన్ చేసింది. ఆయాసపడుతూ, నవ్వుతూ, "వాడు పైన ఉండాడు రా, పైన" అని మాత్రం అంది. ఆ గొంతు మళ్లీ వినాలని ఉంటుంది. ఫోన్ మోగితే ఇప్పటికీ ముందు ఆమే అనుకుంటాను.

కర్మలయ్యాక వాణ్ణి మా ఊరు తెచ్చుకున్నాను. తిండి ముట్టలేదు. బిరియానీ పెట్టమన్నారు, పెరుగన్నం పెట్టమన్నారు. నేను అత్త చివరగా కొన్న సంచిలోదే పెట్టాను. మా ఆవిడ దాన్ని గోరువెచ్చటి నీళ్లతో తడిపి, నేల మీద కూర్చుని, గిన్నె ఒళ్లో పెట్టుకుని, "తిను నాయనా, మీయమ్మ ఎంచిందే" అంది. ఆ పూట కొంచెం తిన్నాడు. మర్నాడు ఇంకాస్త తిన్నాడు.

మొన్న సాయంత్రం సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లాను. దూరంగా ఒక ముసలామె చేపలు ఎండేసిన వల మీద వంగి, ఎండినవి ఏరుతోంది. అత్తలాగే పొట్టిగా, లావుగా, నేత చీరలో ఉంది. వాడు గొలుసు విడిపించుకుని, ఆ తిన్నని కాళ్లతో ఇసుక చిమ్ముకుంటూ పరుగెత్తాడు. నేను భయపడి వెనకాల పరుగెత్తాను. వాడు ఆమె ముందు ఆగి చెయ్యి వాసన చూశాడు. మళ్లీ చూశాడు. ఆమె జడవలేదు. "ఎవుర్ని ఎతుక్కుంటుండాడో పాపం" అని, ఉప్పు అంటిన చెయ్యి వాడి నెత్తి మీద పెట్టింది. వాడు కళ్లు మూసుకుని అలాగే నిలబడిపోయాడు. నేను పిలవలేదు.