గురువారం పన్నునొప్పి

మోస్రా ఊళ్ళో గంగమణికి పన్నునొప్పంటే ఎవరూ జాలిపడరు. ఏడేళ్ళుగా ప్రతి గురువారం ఆ నొప్పి పేరు చెప్పే ఆమె బోధన్ బస్సెక్కుతోంది. ఆ లెక్కన ముప్పైరెండు పళ్ళూ ఎప్పుడో ఊడాలి. మహాతల్లి మాత్రం చెరుకుముక్క నములుతూ బస్సు దిగుతుంది.

అసలు నొప్పి వేరు. పెళ్ళయి పన్నెండేళ్ళయినా పిల్లల్లేని బోధన్ ఆడబిడ్డ జ్యోతిరాణి ఏడుస్తుంటే చూడలేక, కడుపుతో ఉన్న గంగమణి "ఈ కాన్పు నీదే వదినె" అనేసింది. మనసారా అన్నమాటే, దత్తత కాగితాలూ రాసిచ్చింది. కానీ ఒంటికి కాగితాలు చదవడం రాదు కదా! పాప వెళ్ళిన నెలంతా పాలు చేపుకొచ్చి రవిక తడిసేది, గంగమణి గోడకు తలానించి వెక్కివెక్కి ఏడ్చేది. ఇచ్చినందుకు విచారం లేదు, చూడకుండా ఉండటమే చేతకాలేదు. కన్నబిడ్డకే అత్తమ్మయి కూర్చుంది.

ఊరికే పోతే వదిన ఏమనుకుంటుందో? అందుకని స్టీలు డబ్బాలో గారెలో మామిడి తొక్కో పెట్టుకుపోయి, డబ్బా అక్కడే వదిలేసేది. మరుసటి వారం డబ్బా కోసం పోవాలి. ఉత్తచేతులతో పోతారా, ఇంకో డబ్బా. ఒక్కోసారి పాతది తెచ్చుకోవడం కావాలనే మరిచి వచ్చేది. ఎదుటివాళ్ళ గిన్నెను ఖాళీగా తిప్పి ఇచ్చే అలవాటు మనవైపు లేదు కాబట్టి, పాపం జ్యోతిరాణి ప్రతిదాంట్లో ఏదో ఒకటి వేసి ఇవ్వాల్సిందే.

మొన్నొక గురువారం జ్యోతిరాణి తన ఇంట్లో పేరుకున్న పదకొండు డబ్బాలూ తోమి, ఒక్కోదాంట్లో పిడికెడు చక్కెర పోసి గంగమణి ముందు పెట్టింది. "అన్నీ తీస్కపో. ఇగ డబ్బాలు తేకు" అంది.

 పిల్లకు తెలివి వస్తోంది, అందుకే వదిన తనను రావద్దంటోంది అనుకుంది గంగమణి. బస్టాండుదాకా ఏడుస్తూ నడిచింది. ఆ వారమంతా మొగుడు భూమన్నకు ఉప్పులేని కూరే గతి.

గురువారం రానే వచ్చింది. కాళ్ళు ఆగలేదు. తిడితే పడదామనుకుని ఉత్తచేతులతోనే పోయింది. తలుపు తీసింది ఆ పిల్ల దీక్షితే.

"ఏం తేలేదా అత్తమ్మా?"

పన్నుసంగతి చెబుదామని నోరు తెరిచింది, కానీ ఆ అబద్ధం రాలేదు. "నిన్ను సూద్దామని వచ్చిన బిడ్డా."

వంటింట్లోంచి జ్యోతిరాణి బయటికొచ్చింది. "గీ మాట అననీకి ఏడేండ్లు పట్టెనా నీకు? డబ్బాలు తోమలేక సచ్చిన. రా, కూసో."

దీక్షిత వచ్చి ఎదురుగా నిటారుగా నిలబడింది. "సూడు మరి."

గంగమణి చూసింది. పిల్ల అటు తిరిగింది, ఇటు తిరిగింది, చివరికి విసుగొచ్చి అయిపోయిందా అని అడిగింది.

"ఇంకా కాలే బిడ్డా" అంది గంగమణి.