విద్యావతి నెట్ సెంటర్‌లో సైనౌట్

మోడెమ్ కూత పెట్టి లైను కలిసేదాకా ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. తొంభై తొమ్మిదిలో అశోక్‌నగర్‌లోని ఆ నెట్ సెంటర్ విద్యావతిది. పదేళ్లు నారాయణగూడలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, మిషన్లు అమ్మేసి నాలుగు కంప్యూటర్లు కొంది. సర్కారు పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలు చిక్కడపల్లి లైబ్రరీ నుంచి నేరుగా అక్కడికే వచ్చేవాళ్లు.

రేణుకకు మెయిల్ తెరిచిపెట్టింది ఆమే. మహబూబ్‌నగర్ వైపు పిల్ల, కంప్యూటర్ కోర్సు చేస్తోంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు విద్యావతి మొహం పక్కకు తిప్పుకుంది కూడా.

"అయిపోయినంక ఏం చెయ్యాలక్కా?"

"పైన గుణకారం గుర్తు నొక్కి మూసెయ్. అంతే."

కొన్నాళ్లకు ఓ బెంగళూరు కంపెనీ రేణుకను ఇంటర్వ్యూకి పిలిచింది. వస్తానని జవాబిచ్చి, అక్క చెప్పినట్టే మూసేసి వెళ్లింది. మర్నాడు చూస్తే, 'మీరు రానన్నందుకు విచారిస్తున్నాం' అని ఉత్తరం. రానని ఎవరో ఆమె మెయిల్ నుంచే రాశారు.

"నా పాస్‌వర్డ్ ఎవ్వరికీ చెప్పలేదక్కా." అంది రేణుక.

విద్యావతి తన మెయిల్ తెరిచి, మూసి, మళ్లీ ఆ సైటుకే వెళ్లింది. పాస్‌వర్డ్ అడగకుండానే ఉత్తరాలన్నీ కనిపించాయి.

"సైనౌట్ నొక్కకుంటే మనం ఇంక లోపల్నే ఉన్నట్టు. తప్పు నాదే రేణుకా. నేనే సక్కగ చెప్పలె."

జరిగినదంతా తన పేరుతో రాసి, సంతకం పెట్టి, చౌరస్తాలోని ఎస్టీడీ బూత్ నుంచి కంపెనీకి ఫ్యాక్స్ చేసింది. నాలుగో రోజు కొత్త తేదీ వచ్చింది. రేణుక వెళ్లింది, ఉద్యోగం దొరికింది. రానని రాసిందెవరో మాత్రం తెలియలేదు.

అప్పట్నుంచి ఎవరు లేచినా విద్యావతి పక్కకొచ్చి నిలబడేది.

"ఏందక్కా, నన్ను నమ్మవా?" అన్నాడు జైపాల్ ఓసారి. రోజూ వచ్చేవాడే.

"నిన్ను నమ్ముత. నీ తర్వాత కూసునేటోళ్లను నేనెరుగ. సైనౌట్ నొక్కు."

నొక్కాడు. ఆమె వెనక్కి బాణం నొక్కి, మళ్లీ పాస్‌వర్డ్ అడిగితేనే వెళ్లనిచ్చేది.

ఇప్పుడా గదిలో జిరాక్స్ షాపు ఉంది. అడిక్‌మెట్‌లో ఉంటున్న విద్యావతికి ఆ మధ్యాహ్నాలే గుర్తొస్తాయి. పేజీ సగం వచ్చి ఆగిపోతే, పిల్లలు కుర్చీలు వెనక్కి తిప్పుకుని ఊళ్ల ముచ్చట్లు చెప్పుకునేవాళ్లు. ఆమె అందరికీ చాయ్ పెట్టేది.