పలుపుముడి

పోయిన నెల చనిపోయిన మా పెద్దమ్మకు ఒక అలవాటు ఉండేది. కట్టేసిన ఆవు ఎక్కడ కనబడినా దగ్గరికి వెళ్లి పలుపుముడి వదులు చేసేది. పక్కింటాయన తిట్టేవాడు.

"నీ సేతులు ఊరుకోవా అక్కా? నా ఆవు మళ్లా సెరుకుతోటలో పడినాది."

"పడనీలేప్పా, పానంతో ఉండాది గదా" అనేది.

ఆ అలవాటు ఇంకా లేని రోజుల్లో, పాకాల దగ్గర వాళ్ల ఊరి ఏరు పొంగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నీళ్లు కొట్టంలోకి వచ్చేసరికి ఆవుల్ని బయటికి తోలే దారి మునిగిపోయింది. పెద్దమ్మకున్న రెండు ఆవులకూ ఇన్సూరెన్సు ఉంది. చచ్చిన ఆవునూ, దాని చెవికున్న బిళ్లనూ చూపిస్తేనే ఆ డబ్బు వస్తుంది. ఆమె పలుపులు విప్పబోతుంటే పక్కింటాయన ఆపాడు.

"ఇప్పొద్దక్కా. ఏట్లో కొట్టుకపోతే బిళ్ల యాడ సూపిస్తావు? ఆవులూ పాయ, దుడ్లూ పాయ."

ఆయన మంచికే చెప్పాడు. తన ఆవుకు ఇన్సూరెన్సు లేదు కాబట్టి దాన్ని అప్పటికే విప్పి వదిలేశాడు. పెద్దమ్మ కాసేపు ఆవుల వైపు చూసి, సగం విప్పిన ముడిని మళ్లీ బిగించింది. అందరం మిద్దె ఎక్కాం. ఆవుల అరుపులు కొంతసేపు వినిపించాయి.

తెల్లవారి నీళ్లు తగ్గాక, ఆయన ఆవు ఊరి బయట మిట్ట మీద మేస్తూ కనబడింది. పెద్దమ్మ ఆవులు రెండూ గుంజల దగ్గరే పడి ఉన్నాయి. పశువుల డాక్టరు వచ్చి చెవిబిళ్లలు చూసి రాసుకున్నాడు.

"అన్నీ సరిగ్గా ఉన్నాయమ్మా. డబ్బుకు ఇబ్బంది ఉండదు."

"ఉండాయి సార్" అంది పెద్దమ్మ. "ముడి గూడా జారలేదు."