ఖాళీ గదిలో ఊపిరి

సినిమా షూటింగుల్లో మాటలు రికార్డు చేసే ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఏ చిన్న చప్పుడైనా "ఉష్" అంటాడని మొదట్లో "ఉష్ గారు" అనేవాళ్లు. పోనుపోను ఆ గారు కూడా అరిగిపోయి "ఉష్ అన్న" మిగిలింది. ఎవరింట్లో షూటింగ్ పెట్టినా అందరికంటే ముందు లోపలికి వెళ్లేది ఆయనే. గోడగడియారం దించి పక్కగదిలో పరుపు కింద పెడతాడు. కుర్చీల కాళ్లకు గుడ్డపేలికలు చుడతాడు. ఫ్రిజ్ ఆపేసి, తన బండి తాళం అందులో పెట్టి తలుపు మూస్తాడు. ఇంటికి వెళ్లాలంటే తాళం కోసం ఫ్రిజ్ తెరవాల్సిందే కాబట్టి దాన్ని మళ్లీ ఆన్ చేయడం మర్చిపోడు. ఇది ఎవరో నేర్పింది కాదు. ఒకసారి ఒక ఇంటివాళ్ల పాలన్నీ విరగ్గొట్టి చీవాట్లు తిన్నాక తానే కనిపెట్టుకున్నాడు.

ఆయన విద్యంతా అలా వచ్చిందే. రేడియోలు బాగుచేసే కొట్లో మొదలుపెట్టి, సభలకు మైకులు కట్టి, సినిమావాళ్ల వెంట కేబుళ్లు మోసి, చివరికి హెడ్‌ఫోన్లు పెట్టుకునే కుర్చీలోకి వచ్చాడు. ఉన్న ఆస్తల్లా చెవి. ఆ చెవి మీద నమ్మకం, నమ్మకాన్ని మించిన గర్వం.

పాత ల్యాప్‌టాప్ మడత దగ్గర విరిగిపోవడంతో కొత్తది కొనాల్సి వచ్చింది. ఆరు మైకుల మాటలను విడివిడిగా ఎక్కించుకోవాలి, షూటింగ్ ముగిసేసరికి ఎడిటింగ్ వాళ్లకు కాపీ తయారై ఉండాలి, సామాను పెట్టుకునే ట్రాలీ కింది అరలో ఇమడాలి. బావమరిదికి కంప్యూటర్ల కొట్టు ఉంది కనుక భార్యను వెంటబెట్టుకుని అక్కడికే వెళ్లాడు. బావమరిది తెర లేని చిన్న కంప్యూటర్లు రెండు బల్లమీద పెట్టాడు. ఒకటి ఒళ్లంతా గాడులున్న అల్యూమినియం డబ్బా. రెండోది అరచేతిలో పట్టే నల్లటి డబ్బా.

"బావా, నువ్వు ఈ గాడులదే తీసుకో. దీంట్లో ఫ్యాన్ లేదు. వేడంతా పైనుంచే పోతుంది. కాస్త నిదానం, అంతే."

"మరి ఆ నల్లది?"

"అది మంచి స్పీడు. కానీ లోపల ఫ్యానుంది. వేడెక్కితే తిరుగుతుంది."

ఆయన కొట్లో ఏసీ ఆపించాడు. నల్లడబ్బా ఆన్ చేయించి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

"ఏం వినపడట్లేదే."

"ఇప్పుడది ఖాళీగా కూర్చుంది బావా. కాసేపు పని పెట్టి చూడు."

"చప్పుడు గురించి నాకు చెప్తున్నావా?"

బావమరిది రెండు చేతులూ ఎత్తేశాడు. "అమ్మో, నేనెంతవాణ్ణి! అక్కా, సాక్షివి నువ్వే."

"మధ్యలో నన్ను లాగకురా," అంది ఆయన భార్య. "వంటింట్లో గరిటె తగిలినా నాకే ఉష్ అంటారు."

నల్లడబ్బానే ట్రాలీ ఎక్కింది.

కొత్త సినిమాకు చిన్న ఇల్లొకటి అద్దెకు తీసుకున్నారు. ఆ రోజు తీయాల్సింది ఒకే గదిలో, ఒకే మనిషి మాట్లాడే సీను. ఆ మనిషిని యూనిట్ అంతా పిన్నిగారు అంటుంది. నాటకాల్లో వెనక వరసకి కూడా మైకు లేకుండా వినిపించిన గొంతు ఆమెది. ఈమధ్య ఛాతీ జబ్బు చేసి కోలుకుంది. మెట్లెక్కితే ఆయాసపడుతుంది, అప్పుడప్పుడు చిన్న స్ప్రే నోట్లో కొట్టుకుంటుంది. సినిమాలో ఇంత పెద్ద డైలాగు దొరకడం ఆమెకు ఇదే మొదలు.

గది ఇరుకు. ట్రాలీని ఆమె కుర్చీ వెనకే పెట్టాల్సి వచ్చింది. ఉష్ అన్న ఎప్పటిలాగే, టేకు మొదలుపెట్టడానికి రోల్ అనగానే, సామాను చప్పుడు బయటికి రాకుండా ట్రాలీ మీద మందపాటి దుప్పటి కప్పేవాడు. టేకు అవగానే తీసేసేవాడు.

మొదటి టేకులో సగం దాకా అంతా బాగుంది. ఆ తర్వాత ఆమె మాటల అడుగున సన్నగా ఒక ఊపిరి మొదలైంది. అది ఆగి వచ్చే ఊపిరి కాదు, నెమ్మదిగా పెరుగుతూ పోయింది. ఆపించాడు. దుప్పటి తీసి మైకు చూశాడు, కేబుల్ చూశాడు, మళ్లీ విన్నాడు. ఏమీ లేదు. రెండో టేకులో మళ్లీ అదే. తలెత్తేసరికి పిన్నిగారి ఒళ్లో స్ప్రే కనబడింది. అంతే, ఆయన లెక్క తేలిపోయింది.

"పిన్నిగారూ, ఊపిరి కాస్త తగ్గించండి. మైకులో అదే వస్తోంది."

మైకు కట్టిన బూమ్ కర్ర పట్టుకునేవాడు తాటిచెట్టంత పొడుగు, అందుకే అందరూ పొట్టి అంటారు. వాడు ఊరుకోలేదు. "ఊపిరి తగ్గించమంటావేంటన్నా, మనిషే తగ్గిపోతుంది!"

గదంతా నవ్వింది. పిన్నిగారూ నవ్వింది. నవ్వుతూనే స్ప్రేని శాలువా కిందకి తోసేసింది.

మూడో టేకులో ఆమె ఊపిరి బిగబట్టి చెప్పబోయి, మధ్యలో దగ్గు తెరలో చిక్కుకుపోయింది. డైరెక్టర్ కుర్రవాడేగానీ మర్యాదస్తుడు. ఉష్ అన్న దగ్గరికి వంగి, "అన్నగారూ, పోనీ డబ్బింగులో ఇంకెవరితోనైనా చెప్పించేద్దామా?" అన్నాడు.

ఎంత మెల్లగా అన్నా ఆమెకు వినబడింది. "మొహం ఉంచి గొంతు పీకేస్తే ఇంక నేనెక్కడున్నాను బాబూ? భోజనాలయ్యాక ఒక్కసారి చెయ్యనివ్వు."

"ఒక్కసారే పిన్నిగారూ. తర్వాత వెలుతురుండదు."

అందరూ భోజనాలకు వెళ్లారు. ఉష్ అన్న ఉండిపోయాడు. ఏ గదిలో సీను తీసినా, ఆ గది ఖాళీగా ఉన్నప్పటి నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేసి ఉంచుకుంటాడు. మాటల మధ్య అతుకులు కనబడకుండా ఎడిటింగులో అది పనికొస్తుంది. టేకులో ఎలా ఉందో అంతా అలాగే ఉండాలి గనుక దుప్పటి కప్పాడు. మైకు పిన్నిగారి కుర్చీ వైపే ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఊపిరి వచ్చింది. పొద్దుటి ఊపిరే.

ఆయన కుర్చీ వంక చూశాడు. కుర్చీలో శాలువా తప్ప ఎవరూ లేరు. కిటికీలోంచి చూస్తే పిన్నిగారు పెరట్లో ఉంది. అన్నం దగ్గరికి వెళ్లలేదు. గుండెమీద చెయ్యి పెట్టుకుని, పెదాలు కదుపుతూ, ఊపిరి తీసుకోకుండా ఎంతదూరం చెప్పగలదో చూసుకుంటోంది.

దుప్పటి ఎత్తాడు. లోపలినుంచి వేడి మొహానికి కొట్టింది. నల్లడబ్బా ఫ్యాన్ "ఉష్ష్..." అంటూ నెమ్మదించి ఆగిపోయింది.

ఆయన చెవులు కాలిపోయాయి. ఎవరైనా చూశారా అని చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. అప్పుడాయన చేసిన పని తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా తల వంగిపోయేది. డబ్బా ఆపేశాడు. సంచిలోంచి పాత రికార్డర్ తీసి మైకు దానికి తగిలించాడు. చచ్చిన డబ్బా మీద మళ్లీ దుప్పటి కప్పి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

భోజనాల తర్వాతి టేకు శుభ్రంగా వచ్చింది. డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు. "చూశారా పిన్నిగారూ! ఊపిరి అదుపులో పెట్టుకుంటే ఎంత బాగా వచ్చిందో!"

ఉష్ అన్నకు మాత్రం హెడ్‌ఫోన్లలో వేరేది వినిపించింది. అంత పెద్ద డైలాగులో ఎక్కడా ఊపిరి లేదు. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, నీళ్లలో మునుగుతున్న మనిషి ఒడ్డు కోసం ఈదినట్టు పరిగెత్తాయి.

పిన్నిగారు పాలిపోయిన మొహంతో ట్రాలీ దగ్గరికొచ్చింది. "పొద్దున నీ పని చెడగొట్టాను బాబూ. స్టేజీ మీద ఊపిరి ఎవరికి వినపడుతుంది? ఆ అలవాటు. ఇప్పుడు పట్టు దొరికింది. మిగతా సీన్లన్నీ ఇలాగే చేసేస్తాలే."

మిగతా సీన్లన్నీ. ఆ మాటతో ఆయన ఇంక కూర్చోలేకపోయాడు. డబ్బా మళ్లీ ఆన్ చేశాడు. హెడ్‌ఫోన్లు తీసి ఆమె చెవులకు పెట్టి, ఖాళీ గది రికార్డు వినిపించాడు.

ఆమె విన్నది. "ఇది నా ఊపిరేనా?"

"మీరప్పుడు పెరట్లో ఉన్నారమ్మా."

"మరెవరిది?"

ఆయన దుప్పటి తొలగించి చూపించాడు. "దీనిది. నాది."

ఆమె డబ్బా వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "నేను ఊపిరి బిగబట్టి చెప్పానే, అప్పటికే తెలుసా నీకు?"

అవునని తలూపాడు.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి జాగ్రత్తగా వాటి కొక్కేనికి తగిలించింది. "ఊపిరి తగ్గించమని అందరి ముందూ అన్నావు."

"అన్నానమ్మా."

"ఇది మాత్రం నా ఒక్కదాని చెవిలో చెప్తావా?"

లైట్లు సర్దేవాళ్లు కేకలేసుకుంటున్నారు. "ఒక్క నిమిషం" అన్నాడు ఆయన. ఎవరికీ వినబడలేదు. చివరికి అలవాటైన మాటే బయటికొచ్చింది. "ఉష్!"

గది గప్‌చుప్ అయింది. ఆ నిశ్శబ్దంలో తన గొంతు తనకే పరాయిగా వినబడింది. "పొద్దున మైకులో వచ్చింది పిన్నిగారి ఊపిరి కాదు. నా కంప్యూటర్ ఫ్యాను. దుప్పటి కప్పి నేనే దాన్ని అరిపించాను. తెలిశాక కూడా దాచాను."

పొట్టి ఏదో అనబోయి నోరు మూసుకున్నాడు. వాడు ఏదో ఒకటి అని నవ్వించినా బాగుండునని ఉష్ అన్నకు అనిపించింది.

"బాబూ," అని పిన్నిగారు డైరెక్టర్‌ని పిలిచింది. "ఇంకాస్త వెలుతురుంది. మళ్లీ చేస్తాను. ఈసారి ఊపిరి తీసుకుంటాను."

డైరెక్టర్ కిటికీ వైపు చూసి సరేనన్నాడు.

డబ్బా ఆపి, పాత రికార్డర్‌తోనే ఆ టేకు తీశారు. ఆమె కష్టమైన మాట ముందు ఒక పెద్ద ఊపిరి తీసుకుంది. దాని కోసమే మాట ఆగినట్టుంది. ఎక్కడో మధ్యలో చిన్న ఎగశ్వాస, అది కూడా మాటలో భాగమే. ఆయన రికార్డర్ మీటరు మీంచి చూపు ఎత్తలేదు. టేకు అయిపోయి అందరూ ఆమె చుట్టూ చేరినా ఎత్తలేదు.

వారం తిరక్కముందే దుప్పటి చంకన పెట్టుకుని బావమరిది కొట్టుకు వెళ్లాడు. భార్యకు కూడా సంగతి చెప్పలేదు.

"ఏం బావా, నల్లది అరిచిందా?"

"అరిచింది. ఆ గాడుల డబ్బా ఉందా? ఆరు మైకుల పని పెట్టు దానికి."

పని పెట్టించి, దుప్పటి కప్పి, పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కొట్టుకు వచ్చినవాళ్లు చూసి నవ్వుకుంటున్నా లేవలేదు. డబ్బా బాగా వేడెక్కిందని చేతికి తెలిశాక వంగి దుప్పటికి చెవి ఆనించాడు.

"ఏమైనా వినపడుతోందా?" అన్నాడు బావమరిది.

"నా ఊపిరే."

"అయితే కాసేపు బిగబట్టి చూడు బావా!"

బావమరిది తన మాటకు తానే పడీ పడీ నవ్వాడు. ఆయన దుప్పటి మీంచి తల ఎత్తలేదు.